మీరు మొదట ఎవరికి చెప్పారు? వాళ్ళేమన్నారు?

కిటికీపక్కసీటు:
నిన్న మధ్యాహ్నం నుంచీ మనసు మనసులో లేదు, అందుకే ఈ చర్చ తెరిచాను. నా పక్క సీట్లో పనిచేసే ఆవిడ నాకు నాలుగేళ్ళుగా తెలుసు. ఎండాకాలంలో కూడా ఫుల్ హ్యాండ్సే వేసుకొస్తుంది, అదేదో అలవాటనుకునేదాన్ని. నిన్న ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం లాగుతుంటే చెయ్యి పైకి జరిగింది. మోచేతి పైన నాలుగు వేళ్ళ అచ్చు, పసుపు రంగుకి తిరిగిపోయింది, దాని పక్కనే ఇంకోటి, అది మాత్రం కొత్తది. ఏమైంది అన్నాను. కాసేపు నా మొహం చూసి "ఇంట్లోనే" అంది. ఆ ఒక్క మాటే. దానికి నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, "అయ్యో, మరి ఇన్నాళ్ళూ ఎందుకు పడి ఉన్నావ్?" అనేశాను. కోపం వచ్చింది అతని మీద, మాట తగిలింది ఈవిడకి. చెయ్యి కిందికి లాక్కుంది, నవ్వింది కూడా, "ఏం లేదులే, మా వాడు సరదాకి పట్టుకున్నాడు" అని కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఇవాళంతా నాతో పని మాటలే.

నాకు సలహాలు కావాలి, కానీ వాటికన్నా ముందు ఒకటి తెలుసుకోవాలనుంది. మీలో ఎవరైనా ఇది పడ్డవాళ్ళుంటే, మొదట ఎవరికి చెప్పారు, వాళ్ళు ఏమన్నారు, ఆ మాట విన్నాక మీరేం చేశారు? వినే వైపు ఉండి నాలాగే తప్పు చేసినవాళ్ళున్నా రాయండి.

మోడరేటర్:
చదివేవాళ్ళకి ఒక మాట. మీ ఫోన్ ఇంట్లో ఎవరైనా చూస్తారనుకుంటే ఇది ఆఫీసు కంప్యూటర్‌లోనో స్నేహితురాలి ఫోన్‌లోనో చదవండి. హిస్టరీ మొత్తం తుడిచేయకండి, ఖాళీగా కనబడితే అదే అనుమానం తెస్తుంది, ఈ పేజీ ఒక్కటే తీసేయండి. పేర్లు, ఊళ్ళు రాయొద్దు.

వేపనీడ:
అమ్మకి చెప్పాను. ఫోన్‌లో, బాత్రూమ్‌లో పంపు తిప్పి పెట్టి. అమ్మ అటువైపు చాలాసేపు మాట్లాడలేదు, లైన్ పోయిందేమో అనుకుని రెండుసార్లు హలో అన్నాను. అప్పుడంది, "నువ్వేమన్నావే అతన్ని?" అని.

ఆ ప్రశ్న చూడ్డానికి చిన్నది. నేను మాత్రం ఆ తర్వాత ఆరేళ్ళు దానికి జవాబు వెతుక్కుంటూ బతికాను. ప్రతిసారీ కొట్టిన తర్వాత కూర్చుని, ఇవాళ నేనేమన్నాను, ఎక్కడ గొంతు పెంచాను, ఆ మాట అనకపోతే ఏమయ్యేది అని వెనక్కి వెనక్కి నడిచేదాన్ని, ఏదో ఒకటి దొరికేది కూడా, మనిషన్నాక ఏదో ఒకటి అంటాం కదా. దొరగ్గానే ఒక రకం శాంతి, రేపట్నుంచి అది అనకుండా ఉంటే సరిపోతుంది అని. చివరికి ఇంట్లో నేను మాట్లాడే మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అయినా దెబ్బలు ఆగలేదు. రెండో మనిషికి చెప్పింది ఆరేళ్ళ తర్వాత, అది కూడా నేను చెప్పలేదు, మా పిన్ని చూసి పట్టుకుంది.

అమ్మ మీద చాన్నాళ్ళు కోపంగా ఉండేది. నాన్న పోయిన తర్వాత ఒకరోజు తలకి నూనె రాస్తూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు, "మా అమ్మ కూడా నన్ను అదే అడిగింది" అంది. చెయ్యి ఆపలేదు, రాస్తూనే ఉంది. నాకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు.

పైఅంతస్తు:
నేను వినే వైపు మనిషిని. సిగ్గుపడుతూ రాస్తున్నాను. మా కింద ఫ్లాట్‌లో రాత్రి పదిన్నర, పదకొండు మధ్య మొదలయ్యేది. ముందు అతని గొంతు, తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు, తర్వాత ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడమే భయంగా ఉండేది. మేమేం చేశామో తెలుసా, టీవీ సౌండ్ పెంచాం. మా ఆయన, నేను, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా. వాళ్ళింటి సంగతి, మనకెందుకు, రేపు లిఫ్ట్‌లో ఎదురుపడితే ఏం మొహం పెట్టుకుంటాం, ఇవీ మా లెక్కలు. మొగుడూపెళ్ళాల మధ్యకి వెళ్ళకూడదు అంటారు కదా, ఆ మాట ఎంత సుఖంగా ఉంటుందో, దుప్పటిలా కప్పుకోవచ్చు.

2008లో భారత్‌లో బెల్ బజావో అని ఒక ప్రచారం వచ్చింది, గుర్తుందా? పక్కింట్లో గొడవ వినబడితే వెళ్ళి బెల్ కొట్టి ఏదో ఒక చిన్న సంగతి అడుగు, అంతే. దాన్ని చూసి బాగుందనుకున్నాను, చెయ్యడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. ఒకరాత్రి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని దిగి బెల్ కొట్టాను. అతను తలుపు తీశాడు. "మా ఇంట్లో కరెంటు పోయింది, మీకుందా?" అని అడిగాను. అతని వెనక హాల్లో అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. "ఉంది" అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఆవిడ గోడకి ఆనుకుని నా వైపు చూసింది. ఆ రాత్రికి ఆగింది. తర్వాత ఆగిపోయిందని చెప్పను, అబద్ధం అవుతుంది. కానీ వారం తర్వాత మెట్ల దగ్గర ఆవిడే ఆగి "మీ ఇంట్లో కరెంటు బాగానే ఉందని నాకు తెలుసు" అంది. అప్పుడు మొదలైంది మా మాట.

ఒక జాగ్రత్త మాత్రం. అతని చేతిలో ఏదైనా ఉందనో, చంపేస్తాడనో అనిపిస్తే బెల్ కొట్టొద్దు, పోలీసులకి ఫోన్ చేయండి.

సూటిగా_సుత్తిలేకుండా:
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు. రెండో వైపు కూడా వినాలి కదా? తప్పుడు కేసులు పెట్టి కుటుంబాల్ని రోడ్డుకీడ్చినవాళ్ళు లేరా? పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడితే సర్దుకునే వాటిని కూడా ఇలా పెద్దవి చేస్తున్నారు.

అంకెలపిచ్చి:
తప్పుడు కేసులు ఉండవని ఎవరూ అనలేదండీ. కానీ అసలు నోరు తెరిచేవాళ్ళు ఎంతమంది? ఐక్యరాజ్యసమితి 2015 నివేదిక ప్రకారం, లెక్కలు దొరికిన దేశాల్లో చాలా చోట్ల హింస పడ్డ ఆడవాళ్ళలో ఏ రకమైన సాయమైనా అడిగినవాళ్ళు 40 శాతం లోపే. ఆ అడిగినవాళ్ళలో పోలీసుల దాకా వెళ్ళింది 10 శాతం కన్నా తక్కువ. మిగతావాళ్ళు ఎక్కువగా అడిగింది ఇంట్లోవాళ్ళని, స్నేహితుల్ని. అంటే కోర్టు ఇక్కడే ఉంది, ఫోన్ ఎత్తే అమ్మ దగ్గర, ప్రింటర్ దగ్గర నిలబడ్డ కొలీగ్ దగ్గర. ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క, 15 నుంచి 49 ఏళ్ళ మధ్య, భర్తో భాగస్వామో ఉన్న లేదా ఒకప్పుడు ఉన్న ఆడవాళ్ళలో 27 శాతం మంది జీవితంలో ఒక్కసారైనా ఆ మనిషి చేతిలో శారీరక లేదా లైంగిక హింస పడ్డారు. మీ ఆఫీసులో పదిమంది ఆడవాళ్ళుంటే మీరే లెక్కేసుకోండి.

గాలివాటం:
మగవాళ్ళకీ జరుగుతుంది. నేను చెబితే నా ఫ్రెండ్ పగలబడి నవ్వాడు. అంతకన్నా రాయను, ఇది వేరే చర్చ, కానీ వినేవాళ్ళ రోగం మాత్రం ఒకటే.

రెండోషిఫ్ట్:
ఎమర్జెన్సీలో నర్సుని, పదకొండేళ్ళు. మెట్ల మీంచి పడ్డాను, తలుపు తగిలింది, ఇవి రోజూ వింటాం. మెట్ల మీంచి పడ్డవాళ్ళకి మోచేతులు, మోకాళ్ళు కొట్టుకుపోతాయి. చెవి వెనక, పై చేతి లోపలి వైపు దెబ్బలు మెట్లు కొట్టవు. పక్కన నిలబడ్డ మనిషి మనం ఆవిడని అడిగిన ప్రతి ప్రశ్నకీ తనే జవాబు చెబుతుంటే అక్కడే నాకు గంట మోగుతుంది. అప్పుడు ఎక్స్‌రే అనో, యూరిన్ శాంపిల్ అనో ఏదో ఒక వంక పెట్టి ఆవిడని ఒక్కదాన్నే లోపలికి తీసుకెళ్తాం. అతని ముందు మాత్రం ఎప్పుడూ అడగకూడదు, చుట్టాలెవరైనా అడిగే ఉద్దేశంలో ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

ఆరోగ్య సిబ్బంది కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ఒక చేతిపుస్తకం వేసింది. అందులో మొట్టమొదటి పని వినడం. తర్వాత ఏం కావాలో అడగడం, నీ మాట నమ్ముతున్నాను, తప్పు నీది కాదు అని చెప్పడం, ప్రాణానికి ముప్పుందేమో చూడడం, సాయం దొరికే చోటికి కలపడం. ఎందుకు ఉన్నావ్ అని అడగమని ఎక్కడా లేదు. నేను మొదట్లో అదే అడిగేదాన్ని, కాబట్టి కిటికీ గారూ మిమ్మల్ని తిట్టే అర్హత నాకు లేదు.

అసలు రాయాలనుకున్నది ఇది. గొంతు పట్టుకున్నాడు అని ఎవరైనా చెబితే దాన్ని మామూలు దెబ్బల లెక్కలో వేయకండి. చాలామంది దాన్ని కొట్టడం కింద కూడా చెప్పరు, "కొట్టలేదండీ, ఊరికే గొంతు పట్టుకున్నాడు" అంటారు, ఊరికే అట. అమెరికాలో 2008లో వచ్చిన ఒక పరిశోధనలో, భాగస్వామి అంతకుముందు గొంతు నులిమిన ఆడవాళ్ళు అతని చేతిలో హత్యకి గురయ్యే ప్రమాదం ఏడు రెట్లకి పైగా ఉందని తేలింది. పైకి మచ్చ కూడా ఉండకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టమవడం, కళ్ళలో ఎర్ర చుక్కలు, కాసేపు ఏం జరిగిందో గుర్తులేకపోవడం, వీటిలో ఏదున్నా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, రెండు రోజులైపోయిందని వదిలేయొద్దు.

పేరులేదు47:
నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. అదే నా తలనొప్పి. మా అన్నయ్యకి చెబితే మొదటి మాట "చెయ్యి చేసుకున్నాడా?" లేదు అన్నాను. "హమ్మయ్య" అన్నాడు. నిజంగా ఊపిరి పీల్చుకున్నాడు, ప్రేమతోనే. నేనింకేం చెప్పాలి?

స్కూటర్ మీటర్ రీడింగ్ రాసుకునేవాడు. పొద్దున నేను వెళ్ళే ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి, చిన్న డైరీలో, తేదీ వేసి. ఆఫీసుకి రానూపోనూ పద్నాలుగు కిలోమీటర్లు. పదహారైతే ఆ రెండు కిలోమీటర్లు ఎక్కడికెళ్ళానో చెప్పాలి. జీతం అతని ఖాతాలోకి, ఫోన్ పాస్‌వర్డ్ అతను పెట్టిందే, మా అక్కతో మాట్లాడితే స్పీకర్‌లో. ఇవన్నీ విడివిడిగా చెబితే ఎవరైనా "అంత ప్రేమ కాబోలు" అంటారు, అన్నారు కూడా.

నాకు కళ్ళు తెరిపించింది ఒక బొమ్మ. అమెరికాలో డులూత్ అనే ఊళ్ళో 1984లో, హింస పడ్డ ఆడవాళ్ళని కూర్చోబెట్టి వాళ్ళు చెప్పినదాన్ని బట్టి ఒక చక్రం గీశారు. మధ్యలో పెత్తనం, అదుపు అని ఉంటాయి. ఆకుల్లో డబ్బు చేతికివ్వకపోవడం, అందరికీ దూరం చేయడం, బెదిరించడం, పిల్లల్ని అడ్డం పెట్టడం, జరిగిందాన్నే జరగలేదనడం, ఇలా. కొట్టడం ఆ చక్రానికి బయటి పట్టీ మాత్రమే. పట్టీ తీసేసినా చక్రం చక్రమేగా! ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 నుంచీ ఇలాంటి అదుపుని, ఒక్క దెబ్బ లేకపోయినా, నేరంగానే చూస్తున్నారు. ఆ బొమ్మ మా అన్నయ్యకి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు బండేసుకుని వచ్చాడు.

డ్యూటీదిగాను:
పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఎక్కడ అనేది అనవసరం. మా స్టేషన్‌లో ఇలాంటివి వస్తే మొదట అనే మాట, "ఇంటికెళ్ళమ్మా, పొద్దున్నకి చల్లబడతాడు". నేనూ అన్నాను, లెక్కలేనన్నిసార్లు. అప్పట్లో అది దయ అనుకునేవాణ్ణి, కాపురం నిలబెడుతున్నాననుకునేవాణ్ణి.

1980ల మొదట్లో అమెరికాలోని మినియాపొలిస్ అనే ఊళ్ళో పోలీసులతో ఒక ప్రయోగం చేశారు. ఇలాంటి ఫోన్లు వచ్చినప్పుడు కొందరిని అరెస్టు చేయడం, కొందరికి సర్దిచెప్పడం, కొందరిని కొన్ని గంటలు ఇంట్లోంచి పంపేయడం. అరెస్టయినవాళ్ళు మళ్ళీ కొట్టడం తక్కువని తేలింది, దాన్ని చూసి చాలాచోట్ల పద్ధతులు మారాయి. అయితే తర్వాత వేరే ఊళ్ళలో మళ్ళీ చేస్తే ఫలితాలు ఒకేలా రాలేదు, ఉద్యోగం సద్యోగం లేని మగవాళ్ళ విషయంలో అరెస్టు వల్ల హింస పెరిగిన చోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి లోపలేస్తే అయిపోతుంది అనేవాళ్ళని కూడా నేను పూర్తిగా నమ్మను. లోపలేసిన మర్నాడు ఆవిడ ఎక్కడుంటుంది, తలుపు గడియ ఎవరు వేస్తారు అనేది ఎవరూ చూడరు.

పనికొచ్చే మాట ఒకటి. స్టేషన్‌కి వెళ్తే ఒంటరిగా వెళ్ళకండి, గట్టిగా మాట్లాడే మనిషిని ఒకరిని తీసుకెళ్ళండి. రాసిన కాగితం చదివాకే సంతకం పెట్టండి. కుటుంబ కలహం అని రాస్తే ఒప్పుకోవద్దు, ఏ రోజు, ఎన్ని గంటలకి, దేనితో, ఎక్కడ కొట్టాడో రాయమనండి. కలహం అంటే ఇద్దరూ కొట్టుకున్నట్టు.

సూటిగా_సుత్తిలేకుండా:
పైన రాసింది నేనే. మళ్ళీ రావాలనుకోలేదు, రాత్రి నిద్ర పట్టలేదు. పెద్దమనుషులు అన్నానుగా, ఆ పెద్దమనిషిని నేనే. మా చెల్లి విషయంలో ఇద్దర్నీ మా ఇంట్లోనే ఎదురెదురుగా కూర్చోబెట్టాను. "భయపడకు, నేనున్నాను, మనసులో ఉన్నదంతా చెప్పు" అన్నాను దాంతో. అది చెప్పింది. బావ తల వంచుకుని విన్నాడు, క్షమించమన్నాడు, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. నేను చాలా గొప్పగా ఫీలయ్యాను. గేటు దాకా వెళ్ళి కారు డోర్ నేనే వేశాను.

ఇల్లు చేరేలోపు, కారులోనే, అది చెప్పిన ఒక్కో మాటకి ఒక్కోటి. ఇది నాకు ఏడాది తర్వాత తెలిసింది. నా ఉద్దేశం మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. కూర్చోబెట్టి మాట్లాడ్డం పూర్తిగా తప్పని కూడా నేను ఒప్పుకోను. కానీ ఎదురెదురుగా మాత్రం కాదు.

రెండోషిఫ్ట్:
సూటిగా గారూ, రాసినందుకు థాంక్స్. భయం ఉన్న చోట ఇద్దర్నీ కలిపి కౌన్సెలింగ్‌కి కూర్చోబెట్టొద్దని ఈ పని తెలిసినవాళ్ళు చాలామంది చెప్పేది సరిగ్గా ఇందుకే. అతని పక్కన కూర్చుని ఆవిడ నిజం చెబితే ఆ ఖరీదు ఇంటికెళ్ళాక కడుతుంది.

కాపీపుస్తకం:
నేను ఆ ఇంట్లో పిల్లవాణ్ణి. ఏడో తరగతి. టీచర్ "హోంవర్క్ ఎందుకు చేయలేదు" అంటే "రాత్రి లైటు తీసేశారు" అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. కానీ మర్నాటి నుంచీ బడి అయ్యాక అరగంట తన టేబుల్ దగ్గర కూర్చుని రాసుకోనిచ్చింది, ఏడాది పొడుగునా. అప్పుడు అర్థం కాలేదు. అమ్మ సంగతి కూడా అడిగి ఉంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది, అడగనందుకు కోపం మాత్రం లేదు.

బ్యాడ్జినెంబరు9:
ఆఫీసుల సంగతి కూడా ఒకటి. నేను హెచ్ఆర్‌లో పనిచేస్తాను. ఒకమ్మాయికి రోజుకి నలభై ఫోన్లు వచ్చేవి భర్త నుంచి, రిసెప్షన్‌కి కూడా. లేటుగా రావడం, సెలవులు. మేం ఏం చేశాం, రెండు వార్నింగ్ లెటర్లిచ్చి పంపేశాం. అతనికి కావలసింది కూడా సరిగ్గా అదే, ఉద్యోగం పోవడం. అతని పని మేమే పూర్తి చేసి పెట్టాం. ఫిలిప్పీన్స్‌లో 2004 చట్టంలోనే ఇలాంటివాళ్ళకి పది రోజుల జీతంతో సెలవు ఉంది, న్యూజిలాండ్‌లో 2019 నుంచీ ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒప్పందంలో గృహహింస పని మీద చూపే ప్రభావం గురించి కూడా రాశారు. నాకవి అప్పుడు తెలియదు. తెలిసినా మా బాస్ ముందు నోరు విప్పేవాణ్ణా అంటే, ఏమో.

మూడోసారి:
కిటికీ గారూ, మీ ప్రశ్న "ఎందుకు పడి ఉన్నావ్" అన్నదానికి నేను జవాబు చెబుతాను, ఆవిడ చెప్పదు కాబట్టి. నేను రెండుసార్లు బయటికొచ్చి వెనక్కి వెళ్ళాను. మొదటిసారి డబ్బు లేక. రెండోసారి అతను ఏడిస్తే. వెనక్కి వెళ్ళిన ప్రతిసారీ సాయం చేసినవాళ్ళు తగ్గిపోయారు, "నీకు చెప్పీ చెప్పీ మా నోరు పోయింది" అన్నారు, అందులో న్యాయం లేదనను. ఒక్క స్నేహితురాలు మాత్రం "సరే, మళ్ళీ ఎప్పుడైనా" అని మా ఇంటి తాళం చెవి నకలు తన దగ్గరే ఉంచుకుంది. మూడోసారి ఫోన్ చేసింది తనకే.

దయచేసి వెళ్ళిపో వెళ్ళిపో అని తరమకండి. విడిపోయేటప్పుడూ విడిపోయిన కొత్తల్లోనే ప్రాణాపాయం ఎక్కువ, పట్టు జారిపోతోందని అతనికి అప్పుడే తెలుస్తుంది. ఎప్పుడు, ఎలా అనేది ఆవిడ లెక్క. అతని మూడ్ అతని అడుగుల చప్పుడుని బట్టి చెప్పగల మనిషి ఆవిడ, మీకు ఆ విద్య రాదు. మీరు చేయగలిగినవి చిన్నవి. సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు, మందుల చీటీలు, ఒక జత బట్టలు మీ దగ్గర పెట్టుకోవడం. దెబ్బల ఫోటోలు మీ ఫోన్‌లో దాచడం, తేదీతో. ఒక సంకేతం అనుకోవడం, మేం "ఆకుపచ్చ ఫైల్ ఎక్కడ" అని పెట్టుకున్నాం. వీడియో కాల్‌లో అయితే అరచెయ్యి చూపించి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్ళూ దాని మీద మూయడం, 2020లో కెనడాలో మొదలైన సంకేతం అది, ఇద్దరికీ తెలిసుండాలి అంతే. మీ దగ్గరి హెల్ప్‌లైన్ నెంబరు ఆవిడ ఫోన్‌లో వేరే పేరుతో ఉండాలి, కాగితం మీదైతే ఇంకా మేలు.

కిటికీపక్కసీటు:
అందరివీ రెండేసిసార్లు చదివాను. ఇవాళ పొద్దున ఆవిడ వచ్చేసరికి నేను ముందే వచ్చి కూర్చున్నాను. ఏం మాట్లాడాలో రాత్రంతా అనుకున్నవన్నీ పోయాయి. "మొన్న నేనలా అనకుండా ఉండాల్సింది. నువ్వు చెప్పింది నమ్ముతున్నాను. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే వద్దు" అన్నాను, అంతే, అది కూడా తడబడుతూ. తల ఊపి సిస్టమ్ ఆన్ చేసుకుంది. మధ్యాహ్నం దాకా మాట లేదు. మళ్ళీ చెడగొట్టాననే అనుకున్నాను.

మూడింటప్పుడు నా కుర్చీ పక్కన నిలబడి, "నీ టేబుల్ సొరుగుకి తాళం ఉందా?" అని అడిగింది. ఉంది అన్నాను. బ్యాగులోంచి ఒక పాత క్యాలెండర్ కాగితంలో చుట్టిన పొట్లం తీసి పెట్టింది. తెరవమనలేదు, నేను తెరవలేదు. బరువుని బట్టి కాగితాలే అనుకుంటాను. తాళం వేసి చెవి నా కీ చైన్‌కి తగిలించుకుంటుంటే, "రెండో చెవి ఉందా?" అంది. వెతికితే పెన్నుల డబ్బా అడుగున దొరికింది. ఇచ్చాను. దాన్ని చెప్పు లోపల పెట్టుకుని వెళ్ళి తన సీట్లో కూర్చుంది.